పిల్లల బెడద లేని సర్కారు బడి: కొత్త హెడ్మాస్టరుకు చిట్కాలు

అనంతపురం నగరంలో సర్కారు బడికి హెడ్మాస్టరుగా పదోన్నతి వచ్చిందా? మంచి చోటే పడ్డారు. పల్లెలో అయితే ఊరంతా మిమ్మల్ని కనిపెట్టుకుని ఉంటుంది. పది నిమిషాలు ఆలస్యమైతే రచ్చకట్ట మీదే లెక్క తేలుస్తారు. నగరంలో ఆ బాధ లేదు. గడియార స్తంభం దగ్గర నిలబడి ఏ దిక్కుకు చూసినా ప్రైవేటు బడుల పసుపు బస్సులే కనిపిస్తాయి. మీ దగ్గర చేరని పిల్లవాడు అక్కడ చేరతాడు, లేదంటే ఏ పంక్చరు షాపులోనో పని నేర్చుకుంటాడు. ఎటు పోయినా మీ తరగతి గదిలో మాత్రం ఉండడు.

పిల్లలు తక్కువ, కాగితాలు ఎక్కువ ఉన్నదే మంచి బడి. నా సర్వీసు అంతా ఈ మాట నమ్మే బతికాను. పిల్లలు తగ్గితే వంట తగ్గుతుంది, గొంతు నొప్పి తగ్గుతుంది, నోట్సులు దిద్దే పని తగ్గుతుంది, బీపీ అదుపులో ఉంటుంది. మీ ఆరోగ్యం కోరి చెబుతున్నాను. జూన్ 12న గేటు తెరిచిన పూట నుంచే మొదలుపెట్టండి.

1. అడ్మిషను ఒక్క రోజులో ఇవ్వకండి.

జూన్‌లో వచ్చేవాళ్లను ఆపడం కష్టం. ర్యాలీలు, ఫ్లెక్సీలు, ఇంటింటి సర్వేలు నడుస్తుంటాయి, పై అధికారుల కన్ను మీ మీదే ఉంటుంది. అసలు అవకాశం ఆగస్టు దాటాక వస్తుంది. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ వేళకు కురవదు. వేరుశనగ ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేస్తే కంబదూరు, కుందుర్పి, బెళుగుప్ప వైపు నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని నగరంలో దిగుతాయి.

తల్లి పిల్లవాడి చెయ్యి పట్టుకుని వచ్చి, "సారూ, మా పిల్లోన్ని బడిలో సేర్చుకోండప్పా" అంటుంది. లేవకండి, కూర్చోమనకండి. "టీసీ తెచ్చినావా తల్లీ?" అని మెత్తగా అడగండి. దాని కోసం ఆమె మళ్లీ ఊరికి పోయి రావాలి, ఒక రోజు కూలి పోతుంది. టీసీ తెచ్చాక, ఆధార్‌లో పుట్టిన తేదీకి ఇందులో తేదీకి పొంతన లేదని చూపించండి. అది దిద్దించుకుని వచ్చాక పుట్టిన సర్టిఫికెట్టు అడగండి. అన్నీ మొదటి రోజే చెప్పేస్తే ఆమె అన్నీ ఒకేసారి తెచ్చి మీ బల్ల మీద పెడుతుంది. రోజుకో కాగితం చాలు. మూడో తిరుగుడుకు కూలి లెక్క చూసుకుని ఆమే మానుకుంటుంది. మీరు కాదన్నట్టు ఎక్కడా ఉండదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. టీసీ ఆలస్యమైందని అడ్మిషను ఆపకూడదని 5వ సెక్షను, వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదని 14వ సెక్షను, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షను చెబుతాయి. ఈ మూడూ మీకు కంఠతా రావాలి. చట్టం తెలియని హెడ్మాస్టరు జాలిపడి పొరపాటున చేర్చేసుకుంటాడు. తెలిసినవాడు ఆ పుస్తకాన్ని బీరువా అడుగు అరలో, పాత హాజరు పట్టీల కింద పెట్టి తాళం వేస్తాడు.

2. హద్దును వాడుకోండి.

నగరం చుట్టూ రుద్రంపేట, కక్కలపల్లి, నారాయణపురం లాంటి పంచాయతీలు ఉన్నాయి. ఎక్కడ కార్పొరేషను అయిపోయి ఎక్కడ రూరల్ మండలం మొదలైందో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. అద్దె తక్కువని వలస కుటుంబాలు దిగేది ఆ అంచుల్లోనే. మీ బడి కార్పొరేషను వైపు ఉంటే, "మీది రూరల్ కదమ్మా, అక్కడ అడుగు" అనండి. రూరల్ వైపు ఉంటే, "టౌన్లో పెద్ద బడి ఉంది, పిల్లోడు బాగుపడతాడు" అనండి. అవతలి హెడ్మాస్టరుతో ముందుగానే ఒక టీ తాగి మాట్లాడి పెట్టుకోండి. ఆయన అదే రోజు వాళ్లను మీ దగ్గరికి తిప్పి పంపితే ఇద్దరికీ ఇబ్బంది. కనీసం ఒక వారం ఎడం ఉండాలి.

ఇదే సూత్రం భవనానికీ పనికొస్తుంది. 2022 జూన్‌లో జీవో 84 వచ్చి మున్సిపల్ బడుల పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించింది. పైకప్పు కారినా కొళాయి రాకపోయినా కార్పొరేషనుకూ విద్యాశాఖకూ ఒకే లేఖ రాయండి. ఒక్కోదాని అడుగున రెండో ఆఫీసుకు ప్రతి పంపినట్టు చూపండి. అవతలివాళ్లు చూసుకుంటారని ఇద్దరూ అనుకుంటారు. గోడ నాని కూలినా మీ ఫైలులో మాత్రం లేఖలు భద్రంగా ఉంటాయి.

3. పిల్లల్ని తగ్గించండి, పేర్లను కాదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. అంటే 61వ పేరు ఖరీదు ఒక టీచరు పోస్టు. ఆ పేరు కొట్టేస్తే రేషనలైజేషన్లో ఒకరు ఎగిరిపోతారు, మిగిలిన ఇద్దరి మీద ఐదు తరగతులు పడతాయి. కాబట్టి రిజిస్టరు నిండుగా, బెంచీలు ఖాళీగా ఉండేలా చూసుకోండి.

ఏ పేరు అట్టిపెట్టుకోవాలో కూడా ఒక పద్ధతి ఉంది. ప్రైవేటు బడికి పోయినవాడి పేరు పనికిరాదు. ఆధార్ అతికించాక ఒకే పిల్లవాడు రెండు బడుల్లో తేలితే సంజాయిషీ రాసుకోవాలి. బెంగళూరులో కట్టడాల పనికి పోయిన కుటుంబం వెంట వెళ్లినవాడి పేరు అన్నిటికన్నా పదిలం. వాడు అక్కడ ఏ బడిలోనూ చేరడు. ఇసుక కుప్ప పక్కన చెల్లెల్ని ఆడిస్తూ ఉంటాడు. వాడి పేరు ఇక్కడ సుఖంగా ఐదో తరగతి దాకా పాసవుతూ పోతుంది.

4. సీజనల్ హాస్టలు జాబితా ఆలస్యం చేయండి.

పై చిట్కాకు అడ్డు తగిలేది ఇదొక్కటే. పనులకు వెళ్లే తల్లిదండ్రులు పిల్లల్ని వెంట తీసుకుపోకుండా ఊళ్లోనే తిండి, పడక ఏర్పాటు చేసే హాస్టళ్లు సర్వశిక్షా అభియాన్ నాటి నుంచి ఈ జిల్లాలో ఉన్నాయి. ఎవరి పిల్లలకు అవసరమో బడి నుంచే పేర్లు వెళ్లాలి. చెనక్కాయ పీకుడు అయిపోయిన వెంటనే బస్సులు నిండుతాయి కాబట్టి అంతకు ముందే జాబితా చేరితేనే హాస్టలు ఉపయోగం. మీరు ఫార్మాటు రాలేదని రాయండి. ఫార్మాటు వస్తే అందులో బ్యాంకు ఖాతా గడి ఉందా అని అడగండి. ఉంటే ఐఎఫ్ఎస్సీ కోడు సరిచూడాలనండి. కుటుంబం బస్సెక్కిన మరుసటి వారం జాబితా పంపండి. హాస్టలు తెరుచుకుంటుంది, అందులో పడుకోవలసిన పిల్లవాడు బెంగళూరులో రేకుల షెడ్డు కింద పడుకుంటాడు. ఫైలులో అన్ని తేదీలూ సరిగ్గా ఉంటాయి.

5. యాప్‌ను నమ్ముకోండి.

పాఠం చెప్పకపోవడానికి ఒకప్పుడు తలనొప్పో, దూరపు చుట్టం చావో చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ రోజులు పోయాయి. 2022 ఆగస్టు నుంచి టీచరు హాజరు ఫోనుకు ముఖం చూపించి వేయాలి. అది కాగానే పిల్లల హాజరు, తర్వాత భోజనం లెక్క, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క. కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా టీచర్లే తీసి ఎక్కించారు. ఆ పని తీసేసినందుకు దిగులుపడకండి, మిగిలినవి చాలు.

సిగ్నలు కోసం మేడ మీదికి వెళ్లండి. చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకుని అటూ ఇటూ నడవండి. కింద పిల్లలకు, గేటు దగ్గర తల్లులకు, దారిన పోయే కార్పొరేటరుకు మీరు పనిచేస్తున్నట్టు స్పష్టంగా కనిపిస్తారు. మొదటి పీరియడు అలా గడుస్తుంది. రెండో పీరియడులో "సర్వర్ బిజీ" అని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టండి. ఇతరులు కూడా పెడతారు, వాటికి బొటనవేలు గుర్తులు పెడుతూ మూడో పీరియడు దాటించండి. ఇప్పుడు చాలా యాప్‌లు కలిపి లీప్ అని ఒక్కటి చేశారు కదా, ఇక పని మిగలదేమోనని కొందరు మిత్రులు భయపడుతున్నారు. ఆ ఒక్కటీ తెరుచుకోని రోజున అన్ని పనులూ ఒకేసారి ఆగుతాయని గుర్తుంచుకోండి.

6. "ఇది మారబోతోందట" అనే మాటను రోజుకు రెండుసార్లైనా వాడండి.

సర్కారు బడి ఉద్యోగంలో ఇంతకు మించిన కవచం లేదు. ఎంత పనికొస్తుందో లెక్క చూడండి. 2019 నవంబరులో జీవో 81 వచ్చి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో పుస్తకాలు వచ్చాయి. 2022 జూన్‌లో జీవో 117 వచ్చి బడులను ఆరు రకాలు చేసింది: శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూల్, హైస్కూల్, హైస్కూల్ ప్లస్. అదే ఏడాది వెయ్యి బడుల్లో సీబీఎస్ఈ అన్నారు, డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులిచ్చారు. 2024లో సీబీఎస్ఈ వద్దన్నారు. 2025లో 117ను తీసేసి తొమ్మిది రకాల బడులు తెచ్చారు.

ఇందులో ఏ ఒక్కటి వచ్చినప్పుడు పాఠం మొదలుపెట్టినా అది పూర్తయ్యేలోపు మారిపోయేది. మొదలుపెట్టనివాడే తెలివైనవాడు. రెండు భాషల పుస్తకం అయితే మరీ సుఖం. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవారు ఇంగ్లీషు పేజీ చదివించమంటే "పిల్లలకు ముందు తెలుగులో పునాది వేస్తున్నాం" అనండి. తెలుగు పేజీ చదివించమంటే "ఇంగ్లీషు మీద దృష్టి పెట్టాం సార్" అనండి. పిల్లవాడు రెండూ చదవలేడన్న సంగతి బయటపడాలంటే రెండు పేజీలూ చదివించాలి. వచ్చినవారికి అంత తీరిక ఉండదు, ఇంకో నాలుగు బడులు చూడాలి.

పేర్లు మారడాన్ని కూడా వదలకండి. అమ్మఒడి తల్లికి వందనం అయింది. గోరుముద్ద డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. విద్యాకానుక విద్యార్థి మిత్ర అయింది. పేరు మారిన ప్రతిసారీ కొత్త రిజిస్టరు తెరిచి పాతదాన్ని "పాత పథకం" అని రాసి అటక మీద పడేయండి. నాలుగేళ్ల కింద వచ్చిన బూట్లు ఎన్ని, పంచినవి ఎన్ని అని ఆడిట్టు వాళ్లు అడిగితే, ఆ పథకమే ఇప్పుడు లేదని చెప్పవచ్చు. పాత బూట్ల గోతాం పక్కనే ఉన్నా ఎవరూ విప్పమనరు.

బోర్డు మీద బడి రకం మాత్రం రాయించకండి. పెయింటరు కూలి దండగ.

7. మరుగుదొడ్డికి తాళం వేసి చెవి మీ జేబులో ఉంచుకోండి.

2019 నవంబరు 14న నాడు–నేడు మొదలైనప్పుడు తొలి విడతలో 15,715 బడులు తీసుకున్నారు. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు ఆ పనుల్లో ముఖ్యమైనవి. మీ బడికీ టైల్సు వేసిన గది వచ్చి ఉంటే దాన్ని పెళ్లిచీర దాచుకున్నట్టు దాచుకోండి. రోజూ వాడితే మరక పడుతుంది, బకెట్టు పగులుతుంది, కడగడానికి నీళ్లు కావాలి. నీళ్లంటే ఈ ఊళ్లో బోరు లోతు గురించి, ట్యాంకరు బిల్లు గురించి మళ్లీ లేఖలు రాసుకోవాలి. తాళం వేస్తే ఏ అధికారి వచ్చినా తెల్లగా మెరుస్తుంది.

ఈ నిర్వహణ డబ్బు తల్లుల ఖాతాలోంచి వచ్చేదే. అమ్మఒడి 15,000 లోంచి మొదట 1,000, తర్వాత 2,000 పట్టారు. తల్లికి వందనంలోనూ 13,000 ఖాతాలో పడి 2,000 బడి ఖర్చుకు వెళుతుంది. డబ్బు ఇచ్చిన తల్లి వచ్చి తాళం ఎందుకని అడిగితే, శుభ్రంగా ఉంచడానికేనని చూపించండి. అబద్ధం కాదు.

ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు నెలకు మూడు నాలుగు రోజులు మానడం మొదలుపెడతారు. తర్వాత వారం, ఆ తర్వాత పూర్తిగా. కారణం గడిలో "కుటుంబ పరిస్థితులు" అని రాయండి. అందులో ఇమడనిది లేదు.

8. గుడ్డు ఇచ్చే రోజున ఎక్కువమంది వస్తారు. ఏ రోజు ఇస్తారో చెప్పకండి.

9. చురుకైన పిల్లల్ని దాటించండి.

ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురు అడిగే పిల్లలుంటారు. "సారూ, నిన్న తప్పు సెప్పినారు" అనేది వాళ్లే. వాళ్లకు గురుకులం ప్రవేశ పరీక్ష ఫారాలు మీరే దగ్గరుండి నింపించండి. హిందూపురం దగ్గర కొడిగెనహళ్లి గురుకులం 1972 నుంచి ఉంది, అక్కడ చదివినవాళ్లు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. సీటు వచ్చినవాడి ఫోటో మీ గదిలో పెట్టుకోండి. మిగిలిన నలభై మందిలో ప్రశ్న అడిగేవాడు ఉండడు. బోర్డు మీద ఏం రాసినా రాసుకుంటారు. అసలు బోర్డు మీద రాయకపోయినా అడగరు.

10. పదో తరగతి ఉన్న బడి అయితే ఒక అంకె గుర్తు పెట్టుకోండి: 49.70.

2022 పదో తరగతి ఫలితాల్లో అనంతపురం జిల్లా ఉత్తీర్ణత శాతం అది. రాష్ట్రం మొత్తం మీద 67.26, జిల్లాల్లో అట్టడుగు మనదే. ఆ ఫలితాలు చూసి కంగారుపడ్డ హెడ్మాస్టర్లు ఉన్నారు. నేనైతే అందులో బోలెడు వెసులుబాటు చూశాను. జిల్లా మొత్తం సగానికి సగం తప్పినప్పుడు ఏ ఒక్క బడినీ పట్టుకుని అడగరు. కరవు, కోవిడ్, వలస, సెల్‌ఫోను అని నాలుగు కారణాలు వరసగా చెప్పండి. వరస మార్చకండి, కరవుతో మొదలుపెడితే ఎదుటివారు తల ఊపుతారు. ఇక మీ గణితం టీచరు పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో, ఆ ఖాళీ గురించి మీరెన్నిసార్లు అడగలేదో ఎవరికీ గుర్తురాదు.

తర్వాతి ఏడాదికి శాతం పెంచే మార్గం కూడా ఉంది. చదివించడం చాలా పొడుగు దారి. నామినల్ రోల్సు పంపేముందే తప్పేలా ఉన్నవాళ్ల తండ్రుల్ని పిలిపించండి. "ఈసారి రాస్తే తప్పుతాడు, పరువు పోతుంది, వచ్చే ఏడాది ప్రైవేటుగా కట్టించు నాయనా" అని ఆప్యాయంగా చెప్పండి. ఇరవై మందికి పన్నెండు మంది పాసయితే అరవై శాతం. ఆ ఎనిమిది మందిని ముందే ఇంటికి పంపితే పన్నెండుకు పన్నెండు, నూటికి నూరు. కలెక్టరు చేతుల మీదుగా శాలువా. ఆ ఎనిమిది మంది మళ్లీ ఏడు ఫీజు కట్టారో లేదో అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

నూరు రోజుల ప్రణాళిక వచ్చినప్పుడు దాన్ని లామినేషను చేయించి గోడకు తగిలించండి. అంతవరకే.

11. కమిటీని ఫోటోల్లో ఉంచండి.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. వీళ్లు నిధుల లెక్క చూడవచ్చు, టీచర్ల రాకపోకలు అడగవచ్చు. అందుకే సమావేశం ఉదయం పదకొండుకు పెట్టండి. కూలికి పోయేవాళ్లు రాలేరు, వచ్చినవాళ్లు బిక్కుబిక్కుమంటూ మధ్యాహ్నం పూటైనా పని దొరుకుతుందా అని గడియారం చూస్తారు. అడిగిన చోటల్లా సంతకం పెట్టి వెళ్లిపోతారు. తీర్మానం తర్వాత రాసుకోవచ్చు, పేజీలో పైన జాగా వదలండి.

మెగా పేరెంట్ టీచర్ మీటింగు రోజున మాత్రం హడావిడి ఘనంగా ఉండాలి. 2024 డిసెంబరు 7న మొదటిసారి రాష్ట్రమంతా ఒకేరోజు జరిగింది. 2025 జూలై 10న ముఖ్యమంత్రి మన పక్కనే కొత్తచెరువు బడికి వచ్చారు. ఆ రోజు తోరణాలు కట్టండి, తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగుడు పెట్టండి. పిల్లవాడికి చదవడం వచ్చిందా అనే మాట ఎత్తే తీరిక ఇవ్వకండి. ప్రోగ్రెసు కార్డు భోజనం తర్వాత, బస్సు వేళకు చేతిలో పెట్టండి.

12. మీ పిల్లల్ని మీ బడిలో చేర్చకండి.

ఇది చెప్పాల్సిన పని లేదు కానీ ఈమధ్య కొందరు యువ టీచర్లు ఆదర్శమని చేర్పిస్తున్నారు. దానివల్ల మీ బడి నీళ్లు మీ పిల్లలే తాగాలి, మీరు చెప్పని పాఠం మీ పిల్లలకే రాకుండా పోతుంది. సాయంత్రం ఇంట్లో గొడవ. మీ పాపను సాయినగర్‌లోనో కమలానగర్‌లోనో "ఐఐటీ ఫౌండేషను" అని రాసి ఉన్న చోట చేర్చండి. ఎవరైనా తల్లి "సారూ, మీ పాప యాడ సదువుతాంది?" అని అడిగితే దాచకండి, ఆ బడి పేరు గట్టిగా చెప్పండి. మరుసటి జూన్‌లో ఆమె కూడా అప్పు చేసి అక్కడికే పోతుంది. తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడిలో చదివే పిల్లలకూ వస్తుందని, చట్టంలో ప్రైవేటు బడుల సీట్లు నాలుగో వంతు పేదలకు ఉన్నాయని కూడా చెప్పండి. ఈ రెండు విషయాల్లో మాత్రం చట్టాన్ని పూర్తిగా, ఓపిగ్గా వివరించండి.

13. చరిత్ర తెలిసినవాడిగా పేరు తెచ్చుకోండి.

పిల్లలు ఎందుకు తగ్గారని పై నుంచి ఎవరైనా నిలదీస్తే మన్రో దొర గురించి ఎత్తుకోండి. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఇదే అనంతపురంలో కూర్చుని పనిచేసిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యి, 1822లో ప్రతి జిల్లాలో బడులు ఎన్ని, పిల్లలు ఎందరు అని లెక్క అడిగాడు. అప్పుడు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని రాసి పంపాడు. జనం బీదవాళ్లయిపోతున్నారని, ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవని కూడా రాశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద లెక్క 12,498 బడులు తేలింది. మన్రో 1826లో తాలూకాకో బడి పెట్టి అయ్యోరికి నెలకు 9 రూపాయలు ఇవ్వాలన్నాడు. ఆ మరుసటి ఏడే పత్తికొండలో కలరాతో పోయాడు. పెట్టిన కొద్ది బడులనూ 1836లో రద్దు చేశారు.

ఇదంతా నిదానంగా, టీ తాగుతూ చెప్పండి. చివర "రెండు వందల ఏళ్ల సమస్య సార్ ఇది, నేనొచ్చి రెండేళ్లు కూడా కాలేదు" అనండి. వచ్చిన అధికారి క్యాంప్‌బెల్ రాసిన ఆ పాత లెక్క నోట్ చేసుకుంటాడు. మీ హాజరు పట్టీ చూడడం మరిచిపోతాడు.

14. చివరి మెట్టు: విలీనం.

ఇవన్నీ పాటిస్తే మూడు నాలుగేళ్లలో బెంచీల మీద ఇరవై మంది మిగులుతారు. అప్పుడు రిజిస్టరును కూడా దులిపి, బడి నిలబడే స్థితిలో లేదని మీరే రాయండి. జీవో 117 కాలంలో కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని అక్కడికి తరలించారు. కొలత పటం మీద గీత గీసి చూసేదే. ఆ గీతకు అడ్డంగా లారీలు పరిగెత్తే రోడ్డు ఉందా, డ్రైనేజీ కాలువ ఉందా అన్నది పటంలో రాదు. మీరు కూడా నివేదికలో రాయకండి. తల్లులు వచ్చి ఏడేళ్ల పిల్ల ఆ రోడ్డు ఎలా దాటుతుందంటే, "అక్కడ సబ్జెక్టుకో టీచరు ఉంటారమ్మా" అనండి. ఉన్నారో లేదో అక్కడి హెడ్మాస్టరు చూసుకుంటాడు.

ఎవరి బడి మూస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఎయిడెడ్ సంస్థల్ని ప్రభుత్వానికి అప్పగించే విషయంలో ఈ నగరంలోనే ఏం జరిగిందో గుర్తుంది కదా. 2021 నవంబరు 8న ఎస్‌ఎస్‌బీఎన్ కళాశాల విద్యార్థులు గేటు ముందు బైఠాయించారు. అది పోలీసుల దాకా వెళ్లింది, ఒక విద్యార్థినికి గాయమైంది, రాష్ట్రమంతా గోలయ్యింది. అప్పగింతకు యాజమాన్యాలు ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే వీలును ఆ నెలలోనే ప్రభుత్వం కల్పించింది. కాలేజీ పిల్లలకు నినాదాలు ఇవ్వడం వచ్చు. మూడో తరగతి పిల్లలకు రాదు. వాళ్ల తల్లులు ఆ సమయానికి ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతుంటారు. కాబట్టి ఎప్పుడూ కింది తరగతులతోనే మొదలుపెట్టండి. సెలవుల్లో చేయండి.

తరలించిన ఇరవై మందిలో కొందరు కొత్త బడికి పోతారు, కొందరు పసుపు బస్సెక్కుతారు, కొందరు ఎక్కడా కనిపించరు. మూడు రకాల వాళ్లనూ మీ జాబితాలో "బదిలీ అయ్యారు" అని ఒకే మాటతో రాయవచ్చు.

మీకు మాత్రం ఢోకా లేదు. మిగులు టీచరుగా కౌన్సెలింగుకు వెళతారు. అక్కడ 61 పేర్లున్న బడి ఒకటి చూసి కోరుకోండి. పాత బడిలోంచి బీరువా, గంట, జెండా కర్ర, కంప్యూటరు పెట్టెలు, పంచని బూట్లు అన్నీ రెండు ప్రతుల్లో రాసి ఎంఈఓ ఆఫీసులో తాళాలు అప్పగించండి. మరుగుదొడ్డి తాళం చెవి విడిగా చూపించండి. రసీదు మీద తేదీతో పాటు పూట కూడా వేయించుకోండి. మధ్యాహ్నం రిలీవు అయినట్టుంటే కొత్త బడిలో మరునాడు చేరితే చాలు, ఆ పూట ప్రయాణానికి వస్తుంది.